ఇంగ్లీషు వాక్యంలో సబ్జెక్టు, ప్రెడికేట్‌లను గుర్తించడం

ఈ భాగం చదివిన తరువాత మీరు ఇంగ్లీషు వాక్యాన్ని సబ్జెక్టు, ప్రెడికేట్‌లుగా విడదీయగలుగుతారు. క్రియ ఏ పదాన్ని అనుసరించాలో నిర్ణయించగలుగుతారు.

రెండు భాగాలు

వాక్యం ఎవరిని గురించి లేదా దేనిని గురించి చెబుతుందో ఆ భాగం సబ్జెక్టు. దానిని గురించి చెప్పిన మిగతా విషయమంతా ప్రెడికేట్. తెలుగు వ్యాకరణంలో వీటిని ఉద్దేశ్యం, విధేయం అంటారు. "మై బ్రదర్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" అనే వాక్యంలో "మై బ్రదర్" సబ్జెక్టు, "వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" ప్రెడికేట్. ప్రెడికేట్‌లో క్రియ తప్పనిసరిగా ఉంటుంది.

తెలుగుతో తేడా

"నిన్న వచ్చాను" అంటే తెలుగులో వాక్యం పూర్తయినట్లే. వచ్చింది ఎవరో క్రియ చివరనున్న "ను" తెలుపుతుంది. ఇంగ్లీషులో "కేమ్" అనే రూపం ఐ, వి, హి, దే అన్నింటికీ ఒక్కటే. అందువల్ల "ఐ కేమ్ యెస్టర్‌డే" అని సబ్జెక్టును విడిగా చెప్పాలి.

"ఆమె డాక్టరు" అనే తెలుగు వాక్యంలో క్రియ లేదు. ఇంగ్లీషులో "షీ ఈజ్ ఎ డాక్టర్" అనాలి. "ఈజ్" లేకపోతే వాక్యం అసంపూర్ణం.

"నాకు జ్వరం వచ్చింది" అన్నప్పుడు తెలుగు క్రియ "జ్వరం" అనే పదాన్ని అనుసరించింది. "ఐ హ్యావ్ ఎ ఫీవర్" అన్నప్పుడు సబ్జెక్టు "ఐ". కాబట్టి సబ్జెక్టును తెలుగు అనువాదంలో కాక, ఇంగ్లీషు వాక్యంలోనే వెతకాలి.

గుర్తించే పద్ధతి

1. మొదట క్రియను గుర్తించండి.
2. ఆ క్రియకు ముందు "ఎవరు?" లేదా "ఏది?" అని ప్రశ్న వేయండి. వచ్చే జవాబే సబ్జెక్టు.
3. సబ్జెక్టులో అనేక పదాలుంటే వాటిలో ప్రధానమైన నామవాచకాన్ని పట్టుకోండి. క్రియ దానినే అనుసరిస్తుంది.

"ది బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హెవీ" అనే వాక్యం చూడండి. "మ్యాంగోస్" పక్కనే ఉంది కదా అని ఇక్కడ "ఆర్" రాయడం పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు. బరువుగా ఉన్నది ఏది? బుట్ట. "ఆఫ్ మ్యాంగోస్" అనే పదబంధాన్ని వేలితో మూసి చదవండి. "ది బాస్కెట్ ఈజ్ హెవీ" అని స్పష్టమవుతుంది. అయితే "ఎ లాట్ ఆఫ్", "ఎ నంబర్ ఆఫ్" వంటివి పరిమాణాన్ని తెలిపే మాటలు. వాటి తరువాత వచ్చే నామవాచకమే ప్రధానం. "ఎ లాట్ ఆఫ్ మ్యాంగోస్ ఆర్ రైప్" అనాలి.

క్రమం మారే వాక్యాలు

ప్రశ్నలో సబ్జెక్టు సహాయక క్రియ తరువాత వస్తుంది. "హ్యావ్ ది రిజల్ట్స్ కమ్?" అనే ప్రశ్నను "ది రిజల్ట్స్ హ్యావ్ కమ్" అని మార్చి చదివితే "ది రిజల్ట్స్" సబ్జెక్టు అని తెలుస్తుంది.

"దేర్ ఆర్ టూ బ్యాంక్స్ ఇన్ అవర్ టౌన్" అనే వాక్యంలో "దేర్" మొదట ఉన్నా, క్రియ అనుసరించేది "టూ బ్యాంక్స్" అనే మాటను.

"ఓపెన్ ది డోర్" వంటి ఆజ్ఞార్థక వాక్యంలో "యు" అనే సబ్జెక్టు పైకి కనిపించదు. అది ఉన్నట్లుగానే భావించాలి. "వాన పడుతోంది" అనడానికి "ఇట్ ఈజ్ రెయినింగ్" అంటాం. ఇక్కడ "ఇట్" ఏ వస్తువునూ సూచించదు. సబ్జెక్టు స్థానాన్ని నింపుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కింది వాక్యాల్లో సబ్జెక్టును గుర్తించి, ఖాళీలో "ఈజ్" లేదా "ఆర్" రాయండి.

1. ది ఫీ ఫర్ ది టూ కోర్సెస్ ____ హై.
2. దేర్ ____ త్రీ బుక్స్ ఆన్ ది టేబుల్.
3. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ____ ఇన్ గుంటూర్.

జవాబులు

1. సబ్జెక్టు "ది ఫీ ఫర్ ది టూ కోర్సెస్". ప్రధాన పదం "ఫీ". జవాబు "ఈజ్".
2. సబ్జెక్టు "త్రీ బుక్స్". జవాబు "ఆర్".
3. సబ్జెక్టు "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్". ప్రధాన పదం "వన్". జవాబు "ఈజ్".

మూడింటిలో ఏది తప్పినా, ఆ వాక్యానికి పై మూడు మెట్లను వరుసగా మరొకసారి వర్తింపజేయండి.