టారెస్ జలసంధిలో మనీలామెన్

ఆస్ట్రేలియా ఉత్తర కొసకూ న్యూ గినీకీ నడుమ టారెస్ జలసంధి ఉంది. అందులోని థర్స్‌డే ఐలాండ్ అనే చిన్న దీవి 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో ముత్యపు చిప్పల వ్యాపారానికి కేంద్రం. అక్కడ సముద్రంలో మునిగి చిప్పలు తీసేవారిలో ఫిలిప్పీన్స్ దీవుల మనుషులు చాలామంది ఉండేవారు. జనం నోటా, సర్కారు కాగితాల్లోనూ వారి పేరు "మనీలామెన్". ఆస్ట్రేలియాలో ఫిలిప్పీన్ సంతతి తొలి సమూహాలు ఇలాంటి ఉత్తర తీరపు రేవుల్లోనే ఏర్పడ్డాయి.

వీరిలో చాలామందికి మనీలా సొంతూరు కాదు. బొహోల్, మారిందూకె వంటి దీవుల పల్లెల నుంచి వచ్చినవారూ వీరిలో ఉన్నారు. మనీలా వారికి రేవు మాత్రమే. స్పెయిన్ 1571లో ఆ పట్టణాన్ని తన ఆసియా రాజ్యానికి రాజధాని చేసుకుంది. ఫిలిప్పీన్స్‌కూ మెక్సికోకూ మధ్య 1565 నుంచి 1815 దాకా తిరిగిన గాలియన్ ఓడల్లో ఆ దీవుల నావికులు పనిచేశారు. 1834లో రేవును విదేశీ వర్తకానికి తెరిచాక బ్రిటిష్, అమెరికన్ ఓడలు కూడా వారిని కొలువులోకి తీసుకున్నాయి. ఏ దీవివాడైనా ఓడ లెక్కల్లో "మనీలా మనిషి" అయిపోయాడు. "ఫిలిపినో" అన్న మాట అప్పట్లో ఎక్కువగా ఆ దీవుల్లో పుట్టిన స్పానిష్ జాతివారికి వర్తించేది. ఆ మాటకు మూలం స్పెయిన్ రాజు రెండో ఫిలిప్. స్థానికులను పాలకులు "ఇండియో" అనేవారు. ఇలా రేవు పేరుతో మనుషులను పిలవడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగు కూలీలందరినీ, వారు ఏ జిల్లావారైనా సరే, కోరంగీలు అన్నారు.

టారెస్ జలసంధిలో ముత్యపు చిప్పల వేట 1870 ప్రాంతంలో ఊపందుకుంది. అసలు ఆదాయం ముత్యం మీద కాదు, చిప్ప మీదే. దాని లోపలి మెరిసే పొరతో ఐరోపా, అమెరికాల్లో చొక్కా బొత్తాలు, చాకుల పిడులు చేసేవారు. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1877లో తన స్థానిక కేంద్రాన్ని ప్రధాన భూభాగంలోని సోమర్సెట్ నుంచి థర్స్‌డే ఐలాండ్‌కు మార్చింది. దాంతో అది పెద్ద రేవుగా ఎదిగింది.

మొదట్లో వట్టి ఒంటితో మునిగేవారు. 1870లలో రాగి శిరస్త్రాణం, రబ్బరు పూసిన గుడ్డ దుస్తులు, సీసం అడుగుల బూట్లు వచ్చాయి. లగ్గర్ అనే తెరచాప పడవ మీద ఇద్దరు చేతితో పంపు తిప్పి కిందికి గాలి పంపేవారు. మరొకడు తాడు పట్టుకుని కూర్చునేవాడు. కింద ఉన్నవాడు తాడు లాగే తీరును బట్టి పైకి లాగాలా, ఆగాలా అని తెలుసుకునేవాడు. ఎక్కువ లోతు నుంచి గబుక్కున పైకి వస్తే రక్తంలో నత్రజని బుడగలు కట్టి కీళ్లు పట్టేసేవి, కాళ్లు పడిపోయేవి, ఒక్కోసారి ప్రాణమే పోయేది. అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాలని చెప్పే శాస్త్రీయ పట్టికలు 1908లో గానీ రాలేదు.

వచ్చినవారిలో దాదాపు అందరూ మగవాళ్లే. కొందరు అక్కడి దీవుల స్త్రీలను పెళ్లాడి స్థిరపడ్డారు. వీరు కేథలిక్కులు. ఆ శాఖకు చెందిన సేక్రెడ్ హార్ట్ మిషనరీలు 1884లో థర్స్‌డే ఐలాండ్‌కు వచ్చారు. పిల్లల బాప్తిస్మం, పెళ్లి, చదువు ఆ చర్చి చుట్టూనే సాగాయి.

ఈ సమూహంలో అందరికన్నా పేరుపొందినవాడు హెరిబెర్తో సర్కాల్. ముత్యాల వర్తకం చేసి సొంత పడవలు సంపాదించాడు. 1897లో బ్రిటిష్ పౌరసత్వం పొందాడు. స్పెయిన్ మీద తిరుగుబాటు చేసిన ఎమిలియో అగినాల్డో పక్షం 1898లో అతణ్ని ఆస్ట్రేలియాలో తమ ప్రతినిధిగా నియమించింది. తన పడవల్లో ఒకదానికి అతను అగినాల్డో పేరే పెట్టుకున్నాడు.

అయితే చట్టాలు ఎదురు తిరిగాయి. పౌరసత్వం లేని విదేశీయులకు పడవల యాజమాన్యం దక్కకుండా క్వీన్స్‌లాండ్ 1898లో చట్టం చేసింది. 1901లో ఆస్ట్రేలియా సమాఖ్య ప్రభుత్వం తెచ్చిన వలస నియంత్రణ చట్టం, తెల్లవారు కానివారి రాకకు తలుపు మూసింది. ముత్యపు చిప్పల పనికి మాత్రం ఒప్పందం మీద కూలీలను రానిచ్చారు. అప్పటికే ఆ పనిలో జపనీయులు ముందుకు వచ్చారు. మనీలామెన్ సంఖ్య తగ్గిపోయింది. స్థిరపడిన కుటుంబాలు మాత్రం నిలిచాయి.

పశ్చిమ తీరంలోని బ్రూమ్ కథ కూడా ఇలాంటిదే. స్పానిష్ మాట్లాడే నికొలాస్ ఎమో అనే ఫాదర్ 1895లో అక్కడికి వచ్చి మనీలామెన్‌కు మతగురువుగా నిలిచాడు. నేటి డార్విన్‌కు బొహోల్ దీవిలోని కలాపె నుంచి అంతోనియో కుబిల్యో వచ్చి, లరాకియా అనే ఆదివాసి తెగ తల్లికి పుట్టిన మాగ్దలీనాను పెళ్లాడాడు. ఆ కుటుంబం డార్విన్‌లో గిటార్, మాండలిన్ బృందాలతో పేరు తెచ్చుకుంది.

1929లో థర్స్‌డే ఐలాండ్ పక్కనే ఉన్న హామండ్ దీవిలో కేథలిక్ మిషన్ వెలిసింది. ఫిలిప్పీన్ తండ్రుల, తాతల సంతతి కుటుంబాలు చాలావరకు అక్కడికి చేరాయి. జపాన్‌తో యుద్ధం దగ్గర పడటంతో 1942 జనవరిలో థర్స్‌డే ఐలాండ్ పౌరులను ఖాళీ చేయించారు. హామండ్ వారిని దక్షిణ క్వీన్స్‌లాండ్‌లోని కూయార్ అనే పల్లెకు తరలించారు. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి దీవికి వచ్చారు.

తెల్లవారు కానివారిని రానివ్వని ఆ శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో ముగిసింది. ఆ తర్వాత వచ్చిన ఫిలిప్పీన్ వలస చాలా పెద్దది. 2021 జనగణనలో 4 లక్షలకు పైగా జనం తమది ఫిలిప్పీన్ సంతతి అని చెప్పుకున్నారు. మనీలామెన్ వారసుల్లో చాలామంది మాత్రం నేడు టారెస్ దీవుల ప్రజలుగా, ఆదివాసులుగా గుర్తింపు పొందుతున్నారు. ఆస్ట్రేలియాలో ఫిలిప్పీన్ వారి చరిత్రను 1973 నుంచి లెక్కించేవారు వీరి వందేళ్ల కథను వదిలేస్తున్నట్టే.