చూలాలికి చక్కెర పరీక్ష

నిండు చూలాలిని చూడవచ్చే చుట్టాలు తీపి తేకుండా రారు. ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అని కొసరి కొసరి వడ్డించడం మన ఇళ్లలో వాడుక. పుట్టిన బిడ్డ నాలుగు కిలోలు తూగితే అమ్మమ్మగారు నలుగురికీ చెప్పుకొని మురుస్తారు. ఆ ముచ్చటను కాదనడం కాదు గాని, అంతటి బొద్దుతనం వెనుక ఒక్కొక్కప్పుడు తల్లి రక్తంలో మితిమీరిన చక్కెర ఉంటుందని ఇంటి పెద్దలు తెలుసుకొని ఉండడం అవసరం.

గర్భం రాకముందు మధుమేహం లేని స్త్రీకి కూడా గర్భకాలంలో అది కనబడవచ్చు. బిడ్డను పోషించే మాయలో పుట్టే కొన్ని స్రావాలు తల్లి ఇన్సులిన్ బలాన్ని తగ్గిస్తాయి. ఇది గర్భిణులందరిలోనూ జరిగేదే. చాలామందిలో క్లోమగ్రంథి మరికొంత ఇన్సులిన్‌ను తయారుచేసి సర్దుకొంటుంది. సర్దుకోలేనివారికి చక్కెర పెరుగుతుంది. బాధ ఏమీ తెలియదు. దాహం, మాటిమాటికి మూత్రం అంటారా, అవి ఏ చూలాలికి లేవు? మూత్రంలో చక్కెర చూసి తేల్చడానికీ వీలులేదు. రక్తంలో సరిగానే ఉన్నా గర్భిణి మూత్రంలో చక్కెర కనబడడం కద్దు. ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అనే అత్తగారి మాట నిజమే కావచ్చు, కాని అది రక్తపరీక్షకు బదులు కాదు.

బిడ్డకు కలిగే హాని ఎట్లా వస్తుందో డెన్మార్కు వైద్యుడు పెడర్సన్ 1950లలోనే వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ దాటదు. అంచేత బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే అధికంగా తయారుచేసుకొని, వచ్చిన చక్కెరనంతా కొవ్వుగా మార్చుకొంటుంది. కాన్పులో తల బయటపడినా భుజాలు చిక్కుకోవడం, చేతి నరాలు దెబ్బతినడం, శస్త్రచికిత్స అవసరం కావడం ఇందువల్లనే. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డలోని ఇన్సులిన్ మాత్రం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. అందుచేత మొదటి గంటలలోనే పసికందు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెంటనే చనుబాలు పట్టించమనేది, మడమ నుంచి చుక్క రక్తం తీసి చూసేది ఇందుకే. తల్లికి రక్తపుపోటు, బిడ్డకు పసిరికలు, ఊపిరి ఇబ్బంది కూడా ఎక్కువ. చక్కెర మరీ అదుపు తప్పితే గర్భంలోనే శిశువు పోయే భయమూ లేకపోలేదు.

ఇక పరీక్ష సంగతి. 1964లో బోస్టన్‌లో ఒసల్లివన్, మహన్ అనేవారు ఏర్పరచిన కొలత తల్లికి మున్ముందు మధుమేహం వస్తుందా అని చూసి పెట్టినది, బిడ్డను చూసి కాదు. తొమ్మిది దేశాలలో ఇరవైమూడు వేలమందికి పైగా గర్భిణులను పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితాలు బిడ్డల వైపు నుంచి లెక్క చూశాయి. చక్కెర పెరిగినకొద్దీ చిక్కులూ పెరుగుతాయే గాని, ఇక్కడివరకు క్షేమం అనే గట్టు ఏదీ కనబడలేదు. అయినా ఎక్కడో ఒక గీత గీయాలి గదా! పరగడుపున 92, గ్లూకోజు తాగిన గంటకు 180, రెండు గంటలకు 153 అని 2010లో గీశారు. ఏ ఒక్కటి చేరినా వ్యాధి ఉన్నట్టే.

మన చెన్నపట్టణంలో డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు వేరొక దారి చూపారు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే గర్భిణిని ‘తిని వచ్చావు, రేపు పరగడుపున రా’ అని పంపిస్తే ఆమె మళ్లీ రాకపోవచ్చు. అందుచేత తిన్నదీ తిననిదీ అడగకుండా 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత ఒకేసారి రక్తం తీస్తారు. 140 గాని, ఆపైన గాని ఉంటే వ్యాధి ఉన్నట్టు. 2007లో తమిళనాడు ప్రభుత్వం గర్భిణులందరికీ ఈ పరీక్షను విధించింది. తరువాత కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలూ దీనినే చేపట్టాయి. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకమారు, అప్పుడు లేదని తేలితే 24-28 వారాల మధ్య మరొకమారు చేయాలి. దీనివల్ల కొందరు తప్పిపోతారని ఆక్షేపించే వైద్యులూ ఉన్నారు. పరగడుపున రాగలవారికి మూడుసార్లు రక్తం తీసే పరీక్ష మంచిదే. కాని పరీక్షే జరగకపోవడం కంటే ఇది ఎంతో మేలని నా అభిప్రాయం. కొలతలు రెండు గనుక ఒక ఆసుపత్రి ఉందనీ, మరొకటి లేదనీ చెప్పవచ్చు. ‘లేదు’ అనేవారు దొరికేదాకా ఊరంతా తిరగడం మాత్రం తగదు.

ఉందని తేలితే బెంబేలు పడనక్కరలేదు. ఆస్ట్రేలియాలో వెయ్యిమంది గర్భిణులతో జరిపి 2005లో ప్రకటించిన పరిశోధనలో, చికిత్స వల్ల శిశువులకు కలిగే తీవ్రమైన చిక్కులు నూటికి నాలుగు నుంచి ఒకటికి తగ్గాయి. చాలామందికి తిండి మార్పు, నడక చాలు. అన్నం మానరాదు, కొద్దికొద్దిగా, పప్పు కూరలతో, పలుమార్లు తినాలి. చక్కెర బదులు బెల్లం వేశామనుకోవడం ఉత్త భ్రమ. రాగి జావలోనూ పిండిపదార్థమే ఉంది. రెండు వారాలైనా భోజనం చేసిన రెండు గంటలకు 120కి లోపల రాకుంటే వైద్యుడు మందు మొదలుపెడతాడు. ఇన్సులిన్ సూది అంటే బిడ్డకేమవుతుందో అని జంకేవారున్నారు. అది మాయను దాటి బిడ్డను చేరేది దాదాపు లేదు.

కాన్పుతో చక్కెర సాధారణంగా దిగిపోతుంది. అయితే ఇటువంటి తల్లికి తరువాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకంటే ఏడు రెట్లు ఎక్కువ. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. మన కుటుంబాలలో పరీక్ష మెట్టినింటి ఊళ్లో, పురుడు పుట్టినింటి ఊళ్లో, ఒక్కొక్కప్పుడు రెండు రాష్ట్రాలలో. కాగితాలు అక్కడొకటి, ఇక్కడొకటి అయిపోతాయి. వాటిని బిడ్డ టీకాల పుస్తకంలోనే పెట్టుకొని, ఆరవ వారం టీకాకు వెళ్లిన రోజునే తల్లి రక్తమూ చూపించుకొంటే రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయి.