కంప్యూటరుకు నాడి చూసిన వైనం

ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందంటే చాలు, చూడవచ్చిన ప్రతివారూ తలా ఒక మందు చెప్పిపోతారు. కంప్యూటరు సంగతీ అంతే. అది మొరాయించిందని తెలిస్తే, "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అనేవారొకరు, "వైరస్ పట్టివుంటుంది" అనేవారొకరు, "ఇంకెన్నాళ్ళు దాన్ని పట్టుకుని వేళ్ళాడతారండీ, కొత్తది కొనెయ్యక!" అనేవారు ఇంకొకరు. రోగమేమిటో తేల్చి చెప్పేవాడు మాత్రం నూటికొక్కడు. ఆ తేల్చే పద్ధతిని మా ఇంట్లోనే కళ్ళారా చూశాను. అది పెద్ద చదువులు చదివినవారికే పట్టుబడే విద్య కాదనీ, కాస్త ఓపికా, ఒక నోటుపుస్తకమూ వుంటే మనబోటివాళ్ళకీ సాధ్యమేననీ తోచింది. నలుగురికీ పనికి వస్తుందని ఇది రాస్తున్నాను.

మా కంప్యూటరు 2014లో కొన్నది. మీట నొక్కితే తెరమీద అక్షరం పడడం దగ్గరనుంచి, ఏ ఫోటో ఏ అరలో దాచిందీ గుర్తుంచుకోవడం దాకా యంత్రంలో సమస్త వ్యవహారమూ చూసుకునేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇంటికి ఇల్లాలు ఎలాటిదో యంత్రానికి అది అలాటిది. మా దానిలో వున్నది విండోస్ 10. అది 2015లో వచ్చింది. దానికి ఉచితంగా ఇచ్చే భద్రతా మరమ్మతులను 2025 అక్టోబరు 14తో ఆపుతామని తయారుచేసినవారు ముందే ప్రకటించారు, అన్నమాట ప్రకారం ఆపారు కూడాను. అడిగి నమోదు చేసుకున్న ఇళ్ళకు మాత్రం మరొక్క ఏడాది గడువిచ్చారు. 2021లో వచ్చిన విండోస్ 11కు మారుదామా అంటే, దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, తన జాబితాలో వున్న ప్రాసెసరే కావాలి. మా పాతకాపుకు ఆ రెండూ లేవు.

అలాగని యంత్రం పని చెయ్యదా అంటే శుభ్రంగా చేస్తుంది. పెన్షను పుచ్చుకుంటున్నంత మాత్రాన మనిషికి ఒంట్లో సత్తువ లేదనవచ్చునా? అందుకని లైనక్స్ వేయిద్దామనుకున్నాం. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ తోర్‌వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. ఈనాడు దానిమీద ఆధారపడి రకరకాల ఆపరేటింగ్ సిస్టములు ఉచితంగా దొరుకుతున్నవి. వాటిలో లైనక్స్ మింట్ అనేది పాత యంత్రాలకు బాగా నప్పుతుందని విని, 2025 మే నెలలో ఒక మెకానిక్కు కుర్రవాణ్ణి పిలిపించాం.

కుర్రవాడు బుద్ధిమంతుడే. పని మొదలుపెట్టేముందు మా సామానంతా వేరే డిస్కులోకి కాపీ తీశాడు. మా హార్డ్ డిస్కు రెండు వాటాలు. 'సి' వాటాలో పాత విండోస్, 'డి' వాటాలో మా సొంత ఆస్తి. ఆస్తి అంటే పన్ను కాగితాలూ, పిల్లల పెళ్ళి ఫోటోలూ, వాటన్నిటినీ మించి మా అమ్మ పాడిన పాటలు 23. దంపుళ్ళ పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. 2017లో మా చెల్లెలు తన సెల్ ఫోనులో పట్టింది. అమ్మ 2019లో పోయింది. ఆ ఫోనూ ఎప్పుడో పోయింది. ఆ గొంతుక మిగిలింది ఆ 'డి' వాటాలోనే.

లైనక్స్ వెయ్యడం మొదలైంది. తెరమీద గీత మూడోవంతు నిండి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. ఈసారి సగం దాటి ఆగింది. ముచ్చటగా మూడోసారి చివరిదాకా వచ్చి చతికిలబడింది. ఆగిన ప్రతిసారీ తెరమీద ఒక సలహా కూడా వచ్చేది. డిస్కు చెడివుండవచ్చుననీ, పాతదైతే మార్చమనీ, లేదా యంత్రాన్ని చల్లని చోటికి తరలించి చూడమనీను! మే నెలలో రాజమండ్రిలో చల్లని చోటు ఎక్కడుందో తెలిస్తే, యంత్రం కంటే ముందు మేమే వెళ్ళివుండేవాళ్ళం.

ఇక్కడికి 'సి' వాటాలోని పాత విండోస్ ఎలాగూ తుడిచిపెట్టుకుపోయింది. కొత్తది ఎక్కలేదు. కుర్రవాడు నుదురు తుడుచుకుని, "మాస్టారూ, ఒక పని చేద్దాం. 'డి' కూడా తుడిచేసి, డిస్కంతా శుభ్రం చేసి మొదలెడదాం. కాపీ ఎలాగూ వుందిగా! దానికీ లొంగకపోతే బోర్డు పోయినట్టే లెక్క. నలభై వేలు పెడితే కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు.

మా ఆవిడకు కంప్యూటరు సంగతులు అట్టే తెలియవు గాని, తొందర అంటే ఏమిటో బాగా తెలుసు. "చూడు బాబూ, పొద్దుపోయింది. తుడవడం ఎప్పుడైనా తుడవవచ్చు. తుడిచినది తిరిగి రాదు గదా! ఇవాళ్టికి దాన్ని ముట్టుకోకు" అన్నది. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో మూడు రోజుల తర్వాత గాని తెలియలేదు.

మర్నాడు మా మేనకోడలు వేసవి సెలవులకు వచ్చింది. కాకినాడలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతోంది. సంగతంతా విని అది అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మామయ్యా, మూడుసార్లూ ఒకేచోట ఆగిందా, వేరు వేరు చోట్ల ఆగిందా?"

"వేరు వేరు చోట్లే" అన్నాను.

"అయితే సగం రోగం తెలిసిపోయింది" అన్నది.

ఎలాగంటారా? పుస్తకంలో నలభయ్యో పేజీ చిరిగిందనుకోండి. ఎవరు చదివినా, ఎన్నిసార్లు చదివినా నలభయ్యో పేజీ దగ్గరే ఆగుతారు. అలాకాక ఒకసారి ముప్ఫయ్యో పేజీలో, ఒకసారి అరవయ్యో పేజీలో ఆగారంటే తప్పు పుస్తకానిది కాకపోవచ్చు. చదివేవాడికే కళ్ళు తిరుగుతున్నాయేమో చూడాలి. ఇక్కడ పుస్తకమంటే పెన్ డ్రైవులో వున్న లైనక్స్ ఫైలు. చదివేవాడు మా యంత్రం. కళ్ళు తిరగడానికి కారణాలు కూడా ఎక్కువ లేవు. మెమొరీ చెడడం, వేడి ఎక్కడం, కరెంటు సరిగా అందకపోవడం, ఇలాటివే.

ఇక పరీక్షలకు దిగాం. మేనకోడలు రెండు నియమాలు పెట్టింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదల్లా పుస్తకంలో రాయాలి. రెండు ఒక్కసారే మారిస్తే రోగం దేనివల్ల కుదిరిందో ఎవరికీ తెలియదు గదా! ముందుగా ప్లగ్గు ఊడదీసి, హార్డ్ డిస్కును యంత్రంనుంచి విడదీసి బీరువాలో పెట్టించింది. పరీక్షలకు అది అక్కరలేదట. 'డి' వాటా క్షేమంగా వుందన్న ధైర్యంతో మా ఆవిడ కాఫీ పెట్టడానికి లేచింది.

మొదటి పరీక్ష పుస్తకానికి. లైనక్స్ ఫైలు దాదాపు మూడు జీబీలు. అది దారిలో చెడకుండా వచ్చిందో లేదో చూడడానికి ఒక ఉపాయం వుంది. తయారుచేసినవారు ఫైలుతోపాటు 64 అక్షరాల ముద్ర ఒకటి ప్రకటిస్తారు. దాన్ని షా-256 అంటారు. మన దగ్గరకు చేరిన ఫైలుకు మనమూ ఆ లెక్క కట్టాలి. ఫైలులో ఒక్క చుక్క తేడా వున్నా పూర్తిగా వేరే ముద్ర వస్తుంది. మేనకోడలు తన లాప్‌టాప్‌లో లెక్క కట్టింది. 64 అక్షరాలూ పొల్లుపోకుండా కలిశాయి. ఆ పెన్ డ్రైవే దాని లాప్‌టాప్‌లో గుచ్చితే హాయిగా పనిచేసింది. పుస్తకం నిర్దోషి.

రెండో పరీక్ష వేడికి. లోపల పేరుకున్న దుమ్ము దులిపి, ఫాను తిరుగుతోందని చూశాం. మళ్ళీ పరీక్షిస్తే తేడా ఏమీ కనిపించలేదు.

మూడోది మెమొరీ. దీన్నే ర్యామ్ అంటారు. డిస్కు బీరువా అయితే ర్యామ్ పలక వంటిది. యంత్రం ఏ పని చేసినా సరుకును ముందు ఈ పలకమీద రాసుకుని, తర్వాత బీరువాలో దాస్తుంది. లైనక్స్ ఫైలులో సరుకంతా మూటలా అదిమి కట్టివుంటుంది. మూట విప్పేది కూడా పలకమీదే. పలక బీటవారితే విప్పిన సరుకు తప్పుల తడక అవుతుంది. ఉత్తరాలు రాసుకోవడం, సినిమాలు చూడడం వంటి చిన్న పనులకు యంత్రం బీటవున్న మూలకు పోనవసరమే వుండకపోవచ్చు. వెళ్ళినా, ఎప్పుడో ఒకసారి తెర నీలంగా మారి ఆగుతుంది. దాన్ని కరెంటు మీదికి తోసెయ్యడం లోకరివాజు.

ఇందుకు మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాము వుంది. దాన్ని ఇంకొక పెన్ డ్రైవులో వేసి యంత్రాన్ని నడిపాం. పలకలో ప్రతి గడిలోనూ రాసి, తిరిగి చదివి, సరిపోయిందో లేదో చూడడమే దాని పని. పది నిమిషాలు గడిచేసరికి తెరమీద ఎర్రని గీతలు పడ్డాయి. ఒక గడిలో ఒకటి రాస్తే సున్న అని చదువుతోంది!

మా యంత్రంలో 4 జీబీల ర్యామ్ ముక్కలు రెండున్నాయి. ప్లగ్గు ఊడదీసి, ముక్కలు బయటికి తీసి, వాటి బంగారురంగు అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టాం. చాలాసార్లు జబ్బు దీంతోనే కుదురుతుందట. మాకు కుదరలేదు. అప్పుడు ఒక్కొక్క ముక్కనే పెట్టి పరీక్షించాం. మొదటి ముక్క తెల్లవార్లూ నడిచినా ఒక్క తప్పు రాలేదు. రెండోది పది నిమిషాలకే దొరికిపోయింది. దాన్నే పక్క గాడిలో పెట్టినా అదే తప్పు. మంచి ముక్క ఆ గాడిలోనూ మంచిగానే వున్నది. కాబట్టి గాడి మంచిది, బోర్డు మంచిది, డిస్కు మంచిది. చెడ్డది ఆ చిన్నముక్క ఒక్కటే. 4 జీబీలలో 3,400 కోట్ల పైచిలుకు గడులుంటాయి. వాటిలో ఒక్క గడి ఇంత గొడవ చేసింది!

నేను పండగ చేసుకుందామనుకుంటున్నాను గాని, మేనకోడలు మొహంలో ఇంకా దిగులు పోలేదు.

"మామయ్యా, మెకానిక్కు కాపీ తీసినప్పుడు కూడా ఈ ముక్క యంత్రంలోనే వుంది కదా?"

నా గుండె ఝల్లుమంది. కాపీ అయ్యే ప్రతి ఫైలూ పలక మీదుగానే పోవాలి. బీటమీద పడిన ఫైలు గతి ఏమిటి? చెడ్డ ముక్క తీసేసి, బీరువాలోని డిస్కు తెచ్చి తగిలించాం. మింట్‌లో ఒక సౌకర్యం వుంది, యంత్రంలో వెయ్యకుండానే పెన్ డ్రైవునుంచి నేరుగా నడపవచ్చు. అలా నడిపి, 'డి' వాటాలోని ప్రతి ఫైలుకూ, కాపీలోని ఫైలుకూ ముద్రలు కట్టి పోల్చింది. రాత్రి పదకొండయింది. వేల ఫైళ్ళలో పదకొండు కలవలేదు. కాపీలో రెండు పెళ్ళి ఫోటోలకు కింది సగం రంగు మారిపోయింది. అమ్మ పాటల్లో అప్పగింతల పాట ఒకటి అసలు తెరుచుకోలేదు.

'డి' వాటాలో తెరిస్తే, అదే పాట అమ్మ గొంతుకతో చక్కగా వినిపించింది. ఎవరమూ మాట్లాడలేదు. మేనకోడలు పాట పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నది. 'డి' ఆనాడే తుడిచివుంటే ఆ పాట ఇక వుండేది కాదు.

ఆ రాత్రే మంచి ముక్కతో మళ్ళీ కాపీ తీసి, ముద్రలన్నీ కలిశాయని చూసుకున్నాం. మర్నాడు ఉదయం లైనక్స్ వేస్తే ఇరవై నిమిషాల్లో, ఎక్కడా ఆగకుండా ఎక్కింది. కొన్ని వందల రూపాయలకు పాత ర్యామ్ ముక్క ఒకటి దొరికితే, దాన్నీ ఒక రాత్రంతా పరీక్షించాకే పెట్టాం. మెకానిక్కు కుర్రవాడికి కబురు చేసి నోటుపుస్తకం చూపిస్తే, చిన్నబుచ్చుకోకుండా, "ఆ పరీక్ష పేరు రాసివ్వండి మాస్టారూ" అని అడిగి తీసుకువెళ్ళాడు.

మీ ఇంట్లోనూ ఇలాటి పని పెట్టుకుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఆగినప్పుడల్లా ఎక్కడ ఆగిందో రాయండి. ఒకేచోట అయితే ఫైలునూ పెన్ డ్రైవునూ ముందు అనుమానించండి, వేరు వేరు చోట్ల అయితే మెమొరీని. కారణం తేలేదాకా దేన్నీ తుడవనివ్వకండి. కాపీ వుంది గదా అని ఎవరైనా ధైర్యం చెబితే, ఆ కాపీలోంచి ఒక పాటో, ఒక ఫోటోనో అప్పటికప్పుడు తెరిచి చూడండి. వీలైతే ముద్రలు కట్టి అన్నిటినీ పోల్చండి. పోల్చి చూడని కాపీని నమ్ముకుని అసలును పారేసుకోకండి.