స్టీలు పొడితో చేసిన భాగాలు – గుణాలు, సంరక్షణ

క్యాన్లు, ట్యాంకులు స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో తయారవుతాయని సభ్యులందరికీ తెలిసినదే. కాని చిన్న గొళ్ళెం, లివరు, పళ్ళచక్రం వంటి చిక్కైన భాగాలను కడ్డీ నుండి చెక్కితే ఖర్చూ, వృథా ఎక్కువ. ఇట్టివాటిని వేలసంఖ్యలో చేయుటకు 'మెటల్ ఇంజెక్షన్ మోల్డింగ్' అనే పద్ధతి ఉన్నది. దానిని క్లుప్తంగా వివరిస్తున్నాము.

తయారీ: సుమారు 20 మైక్రాన్లకు మించని స్టీలు పొడిని మైనము, ప్లాస్టిక్కులతో కలిపి, ప్లాస్టిక్ వస్తువులు పోసినట్లే అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. తరువాత మైనాన్ని తొలగించి, 1,300 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా కొలిమిలో కాలుస్తారు. స్టీలు కరిగి పారకుండానే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పచ్చికుండ ఆరి, కాలి తగ్గినట్లే ఈ భాగమూ ప్రతి కొలతలో 15 నుండి 20 శాతం వరకు తగ్గుతుంది. అందుకే అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేస్తారు.

గుణాలు: సక్రమంగా కాలిన భాగానికి మామూలు స్టీలు సాంద్రతలో 95 శాతానికి పైగా వస్తుంది. మిగిలిన సూక్ష్మరంధ్రాలు చాలావరకు లోపలే మూసుకొని ఉంటాయి. కాల్పు చాలకుంటే అవి పైకి తెరచుకొని, పాలజిడ్డు చేరి, సూక్ష్మజీవులకు నిలయమవుతాయి. అటువంటి ఒక్క భాగం చాలు, పూటపాలు పులిసి రైతు డబ్బు పోవడానికి. మైనంలోని కర్బనం మిగిలిపోతే అది క్రోమియంతో కలిసి, తుప్పును ఆపే శక్తిని తగ్గిస్తుంది.

రకాలు: 316ఎల్ రకంలో క్రోమియం 16-18 శాతం, మాలిబ్డినం 2-3 శాతం ఉంటాయి. ఉప్పు, క్లోరిన్‌లను ఇది 304 రకం కంటె బాగా తట్టుకుంటుంది. 17-4 పి.హెచ్. రకం వేడిచికిత్సతో చాలా గట్టిపడుతుంది, కాని తుప్పును తట్టుకొనుటలో 316ఎల్ కంటె తక్కువ. దీనికి అయస్కాంతం అంటుకుంటుంది. అంతమాత్రాన నాసిరకమని అనుకోరాదు. అంటుకోనిదంతా మేలురకమనీ నమ్మరాదు.

సంఘాలు పాటించవలసినవి:

1. విడిభాగం కొనేటప్పుడు రకం పేరు బిల్లుపై వ్రాయించుకోవాలి.

2. పాలు తగిలే భాగం నునుపుగా, గుంటలు లేకుండా ఉండాలి.

3. పని ముగియగానే ముందు చన్నీటితో, పిదప డిటర్జెంటు కలిపిన వేడినీటితో కడగాలి. క్లోరిన్ నీటిలో రాత్రంతా నానబెట్టరాదు.

4. ఇనుప పీచుతో రుద్దరాదు. దాని తునకలే తుప్పుమరకలకు మూలం.

5. కడిగిన భాగాలను పూర్తిగా ఆరనివ్వాలి.

తుప్పు గుంటలు పడిన భాగాన్ని రుద్ది మళ్ళీ వాడక, వెంటనే మార్చవలెనని కార్యదర్శులను కోరుతున్నాము.