నీలిముద్రపై రెండో పొర: సయనోటైప్ ఆధారిత మిశ్రమ మాధ్యమ కళ

ఒకే కృతిలో ఒకటికి మించిన మాధ్యమాలను కలపడాన్ని మిశ్రమ మాధ్యమ కళ అంటారు. డిజిటల్ ముద్రణ సులభమైన ఈ కాలంలోనూ కొందరు కళాకారులు 19వ శతాబ్దపు సయనోటైప్‌ను ఆశ్రయిస్తున్నారు. ఇందులో బొమ్మ కాగితపు పీచులోనే ఏర్పడుతుంది కనుక దానిపై కుంచె, సూది, రంగు సులువుగా పనిచేస్తాయి. అయితే ప్రతి పదార్థమూ దానితో పొసగదు. ఆ పొసగడం, పొసగకపోవడాలను వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

నీలిముద్ర స్వభావం

సయనోటైప్‌ను 1842లో సర్ జాన్ హెర్షెల్ కనుగొన్నారు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూసి, చీకటిలో ఆరబెట్టి, పైన ఆకునో నెగెటివ్‌నో ఉంచి ఎండలో పెడతారు. అతినీలలోహిత కిరణాలు సోకినచోట ఫెర్రిక్ అయాన్లు ఫెర్రస్‌గా మారి, కరగని ప్రష్యన్ బ్లూ ఏర్పడుతుంది. వెలుగు సోకని చోటి లవణాలు నీటిలో కడుక్కుపోతాయి. 1843లో అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుల చిత్రాలను ఈ పద్ధతిలోనే ముద్రించి గ్రంథభాగాలుగా వెలువరించడం ప్రారంభించారు. 1950 ప్రాంతంలో రాబర్ట్ రౌషెన్‌బర్గ్, సూజన్ వీల్ నీలిముద్ర కాగితంపై మనుషులనే పడుకోబెట్టి నిలువెత్తు చిత్రాలు చేశారు.

పొరల పొందిక

ప్రష్యన్ బ్లూ స్వల్ప ఆమ్లాన్ని ఓర్చుకుంటుంది. క్షారం తగిలితే వెలిసిపోతుంది. కాబట్టి సున్నపు పూత, క్షారగుణం గల అక్రిలిక్ మాధ్యమం దీనికి చేటు. భద్రత కోసం కాల్షియం కార్బొనేట్ కలిపి తయారుచేసే కాగితం కూడా అంతే. ఇతర పత్రాలను కాపాడే కాగితమే ఈ ముద్రను పాడుచేయడం గమనార్హం.

గమ్ బైక్రోమేట్ మాత్రం దీనితో చక్కగా పొసగుతుంది. తుమ్మజాతి చెట్ల బంకలో రంగుపొడిని, డైక్రోమేట్ లవణాన్ని కలిపి నీలిముద్రపై పూస్తే, వెలుగు తగిలిన మేరకు బంక గట్టిపడి రంగును పట్టి ఉంచుతుంది. నీటిలో తడిసిన కాగితం ముడుచుకుంటుంది కనుక ముందే నానబెట్టి ఆరబెట్టకపోతే రెండో పొర మొదటిదానిపై సరిగా కూర్చోదు. డైక్రోమేట్ విషపదార్థం, క్యాన్సర్ కారకం. చేతితొడుగులు లేకుండా ముట్టరాదు.

నీలాన్ని నలుపువైపు మళ్లించడానికి తేయాకు కషాయం వాడతారు. అందులోని టానిన్ ఇనుముతో కలిసి ముదురు వర్ణాన్నిస్తుంది. ఈ రసాయన సూత్రం తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టపై, బెల్లంతో తుప్పు ఇనుమును పులియబెట్టిన ద్రావణం నల్లని గీతగా మారేది టానిన్, ఇనుముల కలయిక వల్లనే.

ముగింపు

ఇటువంటి కృతిని “మిశ్రమ మాధ్యమం” అన్న ఒక్క మాటతో జాబితాలో నమోదు చేస్తే, రేపు దాన్ని భద్రపరిచేవారికి ఏ పొర ఏ పొరకు శత్రువో తెలియదు. కాగితం, లవణాలు, బంక, రంగు, పూసిన వరుస అన్నీ నమోదు కావాలి. కళాచరిత్ర పరిశోధకులు రూపవిశ్లేషణతోపాటు ఈ పదార్థచరిత్రనూ పరిశోధనాంశంగా స్వీకరించినప్పుడే ఆ కృతులు తరువాతి తరానికి అందుతాయి.