పులికాట్ తీరవృక్షాల జలపొదుపు: ఆబ్సిసిక్ ఆమ్ల గ్రాహక జన్యువుల పాత్ర

బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమనున్న శ్రీహరికోట దీవిలో వర్షపాతంలో అధికభాగం అక్టోబరు–డిసెంబరు మాసాలలో ఈశాన్య రుతుపవనాల వలన లభిస్తుంది. వేసవిలో సరస్సు కుంచించుకుపోయి, మిగిలిన నీటిలో లవణసాంద్రత సముద్రజలాన్ని మించుతుంది. అయినప్పటికీ దీవిలోని శుష్క సతతహరితారణ్యంలో పాల, అల్లి, నేరేడు వంటి వృక్షాలు ఆకులను నిలుపుకొంటాయి. అదే తిరుపతి జిల్లాలో శేషాచలం కొండలపై పెరిగే ఎర్రచందనం ఎండకాలంలో ఆకు రాలుస్తుంది. ఆకు రాల్చని చెట్టుకు పత్రరంధ్రాల నియంత్రణయే ప్రధాన రక్ష.

ఈ నియంత్రణకు సంకేతం ఆబ్సిసిక్ ఆమ్లం. పాఠ్యపుస్తకాలు దీనిని చాలాకాలంగా కేవలం 'వృద్ధి నిరోధకం'గా పరిచయం చేస్తున్నాయి. అది అసంపూర్ణ వర్ణన. దీని గ్రాహకాలైన పి.వై.ఆర్./పి.వై.ఎల్. ప్రోటీన్లను 2009లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. అరబిడాప్సిస్ మొక్కలో ఇవి 14. నీరు సమృద్ధిగా ఉన్నప్పుడు పి.పి.2.సి. ఫాస్ఫటేజులు ఎస్.ఎన్.ఆర్.కె.2 కైనేజులను నిష్క్రియంగా ఉంచుతాయి. కరవులో హార్మోను గ్రాహకపు కుహరంలో చేరగానే దాని మూత ముడుచుకొని, గ్రాహకం ఫాస్ఫటేజును పట్టి నిలుపుతుంది. అంటే ఇది అవరోధానికే అవరోధం. విముక్తమైన కైనేజు రక్షక కణాలలోని ఎస్.ఎల్.ఎ.సి.1 మార్గాన్ని తెరుస్తుంది. ఋణ అయాన్లు, వాటి వెంట పొటాషియం, ఆపై నీరు వెలుపలికి పోతాయి. కణాలు వాడి రంధ్రం మూసుకుంటుంది.

పాప్లార్ వృక్షంలో ఇటువంటి రెండు గ్రాహక జన్యువుల వ్యక్తీకరణను పెంచినప్పుడు కరవు సహనశీలత అధికమైనట్లు 2017లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అయితే ఆ ఫలితాన్ని యథాతథంగా పులికాట్‌కు అన్వయించడం తొందరపాటే. రంధ్రం మూసిన ఆకు నీటిని ఆదా చేస్తుంది గాని, కార్బన్ డయాక్సైడును కోల్పోతుంది. నెలల తరబడి ఆకు నిలుపుకోవలసిన అల్లి చెట్టుకు ఆ మూల్యం చిన్నది కాదు. పైగా గ్రాహకాలన్నీ ఆకులోనే పనిచేయవు, అరబిడాప్సిస్‌లో పి.వై.ఎల్.8 ముఖ్యంగా వేరు స్పందనకు సంబంధించినది. ఇసుక నేలలో నీటిని వెదికే వేరుకు ఇది కీలకం కావచ్చు.

కనుక జన్యువుల సంఖ్యను లెక్కించి ఊరుకుంటే చాలదు. ఒకే చెట్టు ఆకులోను, వేరులోను ఏ గ్రాహకం ఎప్పుడు వ్యక్తమవుతున్నదో డిసెంబరులోను, మే నెలలోను కొలవాలి; దానితోపాటు ఆకు జలశక్మమును, నేల లవణతను నమోదు చేయాలి. ఉప్పు కూడా వేరుకు నీటిని అందకుండా చేస్తుంది కాబట్టి, లవణతను విడిగా కొలవకపోతే సరస్సు ఒడ్డున కనబడే స్పందన కరవుదో ఉప్పుదో తేలదు.