బొమ్మ రైలుబండికి విద్యుత్తు

పిల్లలు ఆడుకొను బొమ్మలలో రైలుబండికి ప్రత్యేక స్థానము కలదు. పట్టాలపై తనంత తానుగా పరుగెత్తు ఆ చిన్న బండిని చూచి పెద్దవారు సైతము ముచ్చటపడుదురు. జర్మనీ దేశమునందలి మార్క్‌లిన్ సంస్థ 1891లో పట్టాల వెడల్పునకు నిర్ణీతమైన కొలతల నేర్పరచి, క్రమముగా పెంచుకొనదగిన రైలుబొమ్మలను విక్రయింపసాగెను. అమెరికాలో 1900లో ఏర్పడిన లయొనెల్ సంస్థ విద్యుత్తుతో నడచు బొమ్మరైళ్లకు ప్రసిద్ధి కెక్కెను. క్రిస్మస్ దినములలో గది నేలపై పట్టాలు పరచి, పండుగచెట్టు చుట్టును బండిని నడపుట అచ్చటి కుటుంబములలో ఒక వేడుకయైనది.

ఈ బండిలో చిన్న విద్యుత్ మోటారు ఉండును. దానికి కావలసిన విద్యుత్తు పట్టాల ద్వారముననే అందును. లయొనెల్ వారి బాటలో పట్టాలు రెండు గాక మూడు. నడిమి పట్టాలో విద్యుత్తు ప్రవహించును. బండి అడుగున నుండు చిన్న చక్రము దానిని తాకి విద్యుత్తును మోటారునకు చేర్చును. వెలుపలి పట్టాల మార్గమున అది తిరిగి పోవును. ఇంటికి వచ్చు విద్యుత్తు ప్రాణాపాయకరము. కావున ట్రాన్స్‌ఫార్మరు అను సాధనము దానిని సుమారు 18 వోల్టులకు తగ్గించి పట్టాలకు పంపును.

గదిలో ఒక మూల చిన్న వలయముగా పట్టాలు పరచినప్పుడు చిక్కేమియు లేదు. పెద్ద హాలు నిండ పరచినప్పుడే చిక్కు. ట్రాన్స్‌ఫార్మరు చెంత చురుకుగా పరుగెత్తిన బండి దూరము పోయిన కొలది మందగించును. దాని దీపము మసకబారును. ఆవలి కొసను చేరునప్పటికి ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. ట్రాన్స్‌ఫార్మరు చాలదని తలచి కొందరు ఇంకను పెద్దదానిని తెత్తురు. కాని దోషము పెక్కుసార్లు దానియందు లేదు, దారియందున్నది.

కాలువ తల యొద్ద నీరు నిండుగా పారుచున్నను, నడుమ పూడిక పేరుకొన్నచో కొసభూములకు నీరందదు. పట్టాల స్థితియు నట్టిదే. నేలపై పరచిన బాట అనేక ముక్కల కూర్పు. ఒక ముక్కను మరియొక ముక్కకు చిన్న ఉక్కుపుల్లలు కలుపును. తుప్పు పట్టినను, వదులైనను ప్రతి అతుకును విద్యుత్తును కొంత అడ్డగించును. దీనికే నిరోధమని పేరు. ఒక్క అతుకు నిరోధము స్వల్పమే యైనను, పదుల అతుకులు కలిసినప్పుడు అది అధికమగును.

ఈ నష్టమును లెక్కించు సూత్రమును జార్జి ఓమ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించెను. ప్రవాహమును నిరోధముతో హెచ్చించినచో దారిలో పోవు వోల్టులు తెలియును. ట్రాన్స్‌ఫార్మరు 16 వోల్టులు ఇచ్చుచున్నదనుకొందము. బండికి 4 ఆంపియర్లు కావలెను. రాకపోకల దారి నిరోధము 1 ఓము. అప్పుడు 4 వోల్టులు దారిలోనే పోయి, బండికి 12 మాత్రమే అందును. పోయిన 16 వాట్ల శక్తి వేడిగా మారి అతుకులను కాల్చును.

దీనికి తగిన ఉపాయము కలదు. బాట పొడవునను రెండు మందమైన రాగితీగలను పరచి, కొన్ని అడుగుల కొకచోట వానినుండి చిన్న తీగలను పట్టాలకు కలుపుదురు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మందముగల రాగితీగను 10 మీటర్ల దూరము పరచినచో, రాకపోకలకు కలిపి నిరోధము సుమారు 0.14 ఓము. 4 ఆంపియర్ల ప్రవాహమునకు నష్టము అర వోల్టునకు కొంచెము మించును. అంతియే! బండి ఎచ్చటనున్నను దానికి దాపుననే విద్యుత్తు అందును.

ఇది వేగమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. అపాయమును తప్పించు విషయము కూడ. బండి పట్టా తప్పి నడిమి పట్టాను, వెలుపలి పట్టాను ఏకము చేసినచో షార్ట్ సర్క్యూట్ ఏర్పడును. ప్రవాహము మితిమీరినంతనే సరఫరాను ఆపు బ్రేకరు అప్పుడు పనిచేయవలెను. కాని దారి నిరోధము 2 ఓములైనచో, 16 వోల్టులకు ప్రవాహము 8 ఆంపియర్లు మాత్రమే. 10 ఆంపియర్లకు తెగవలసిన బ్రేకరు ఊరకుండును. 128 వాట్ల వేడి బాటలో రగులుచుండును. అందుచే అనుభవజ్ఞులు బాట పొడవునను అక్కడక్కడ పట్టాలపై క్షణకాలము నాణెము నుంచి, బ్రేకరు తెగుచున్నదో లేదో పరీక్షింతురు.

బాట మిక్కిలి పెద్దదైనచో దానిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు నమర్తురు. ఇచ్చట మరింత జాగరూకత కావలెను. ట్రాన్స్‌ఫార్మరు రెండు దిశలను పనిచేయును. రెండింటిని పట్టాలకు కలిపియుంచి, ఒకదాని ప్లగ్గును గోడనుండి ఊడబెరికినచో, రెండవదాని విద్యుత్తు బండి ద్వారమున మొదటిదానిలో ప్రవేశించి, ప్లగ్గు కొనల యొద్ద తిరిగి ఎక్కువ వోల్టులుగా వెలువడవచ్చును. చేతిలోని ప్లగ్గే ప్రాణము తీయగలదు! కావున అన్నిటిని ఒక్క స్విచ్చితో ఆపునట్లు అమర్చుట క్షేమకరము.

నిజమైన రైళ్లకును ఇదే నియమము వర్తించును. మన దేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు 1500 వోల్టులతో నడచెను. నేడు మన రైలుమార్గములపై తీగలలో 25,000 వోల్టులు ప్రవహించును. వోల్టులు హెచ్చినచో అదే శక్తికి తక్కువ ప్రవాహము చాలును. దారిలో నష్టమును తగ్గును. అట్లయ్యును ఒక్క కొసనుండియే విద్యుత్తు పంపరు. మార్గము పొడవునను ఉపకేంద్రములు నెలకొల్పి, అక్కడక్కడ అందింతురు.

నేలపై ఆడు బొమ్మబండికిని, వేలాది ప్రయాణికులను మోయు రైలునకును ధర్మమొక్కటియే. మూలమున శక్తి యెంతయున్నను, అది గమ్యమును చేరు దారి చక్కగా నుండినప్పుడే సార్థకమగును.